ఆన్‌లైన్ కొట్టులో జాడ పట్టీ: మా వైపు దుకాణదారులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో ఉంటూ పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కొట్లకు ఆన్‌లైన్ స్టోర్లు కట్టే పని నాది. పట్టుచీరల వాళ్లయినా, అప్పడాలు ఊరగాయల వాళ్లయినా, కొమ్ము బొమ్మల వాళ్లయినా సైటు తయారవుతుండగా ఒకచోట తప్పకుండా ఆగుతారు. పేజీ పైన చిన్న అక్షరాల్లో "హోమ్ › చీరలు › బరంపురం పట్టు" అని ఒక వరుస ఉంటుంది చూడండి, అక్కడ. ఇదేమిటి, ఉంచాలా, తీసేయాలా, తెలుగులో రాయాలా ఒడియాలో రాయాలా అని అడుగుతారు. ఫోన్లో ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెబుతున్నాను కాబట్టి అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. దేనికది విడిగా చదువుకునేలా రాశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

బ్రెడ్‌క్రంబ్ అంటున్నారు, అసలు ఏమిటిది? ఆ పేరెలా వచ్చింది?

కొనేవాళ్లు ఇప్పుడు మీ కొట్టులో ఏ అరలో ఉన్నారో చూపించే వరుస అది. ఎడమ చివర కొట్టు మొదటి పేజీ, తర్వాత పెద్ద వర్గం, ఆ తర్వాత చిన్న వర్గం, చివర వాళ్లు చూస్తున్న సరుకు. చివరిది తప్ప మిగతా పేర్లు నొక్కితే ఆ పేజీలు తెరుచుకుంటాయి.

పేరు జర్మనీ గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేసిన ఒక పిల్లల కథ నుంచి వచ్చింది. అడవిలో దారి తప్పకుండా ఉండడానికి పిల్లలు రొట్టె ముక్కలు జల్లుకుంటూ వెళతారు. ఆ ముక్కల్ని పిట్టలు తినేస్తాయి. అంతకుముందు ఒకసారి వాళ్లను ఇంటికి చేర్చినవి గులకరాళ్లు. నన్నడిగితే పేరు గులకరాళ్ల మీద పెట్టాల్సింది. మన మాటల్లో నేను జాడ పట్టీ అంటాను, చెప్పగానే అందరికీ అర్థమవుతోంది.

మెనూ పెట్టించుకున్నాం కదా, మళ్లీ ఈ వరుస దేనికి?

వీధిలో ఉన్న కొట్టుకి అందరూ గుమ్మంలోంచే వస్తారు. ఆన్‌లైన్ కొట్టుకి అలా రారు. మీరే ఒక చీర ఫోటో, దాని లింకు వాట్సాప్‌లో పెడతారు. అది చుట్టాల గ్రూపుల్లో తిరిగి గుణుపురంలో ఒకావిడ చేతికి చేరుతుంది. ఆవిడ నొక్కగానే నేరుగా ఆ చీర ముందు నిలబడుతుంది. మీ గుమ్మం చూడలేదు, బోర్డు చూడలేదు, లోపల ఇంకేముందో తెలియదు.

ఒకసారి ఒక చీరల కొట్లో కూర్చుని ఉండగా అలాంటి ఫోనే వచ్చింది. "ఈ చీర బాగుంది బాబూ, ఇదే రకం ఇంకా ఏటున్నాయి? ఎలా చూడ్డం?" అని అడిగారు. కొట్టాయన పావుగంట పాటు మరో పదిహేను ఫోటోలు పంపారు. ఆ పదిహేను చీరలూ సైటులో ఉన్నాయి. చీర పేరు పైన "బరంపురం పట్టు" అన్న ఒక్క మాట నొక్కేలా ఉండి ఉంటే ఆ ఫోను రాదు, వచ్చినా అడ్రసు చెప్పడానికే వస్తుంది.

మెనూ మీ కొట్టులో ఏమేం ఉన్నాయో చెబుతుంది. జాడ పట్టీ కొనేవాళ్లు ఎక్కడున్నారో చెబుతుంది. ఒకదాని పని ఇంకోటి చేయదు.

ఫోన్లో వెనక్కి బటన్ ఉందిగా, అది చాలదా?

వాట్సాప్ లింకు మీద నొక్కి వచ్చినవాళ్లు వెనక్కి నొక్కితే మళ్లీ వాట్సాప్‌కే పోతారు, మీ కొట్టు వాళ్ల చేతిలోంచి జారిపోతుంది. వెనక్కి బటన్ వచ్చిన దారిన తీసుకెళుతుంది. జాడ పట్టీ కొట్టులోనే ఒక మెట్టు పైకి తీసుకెళుతుంది.

మా దగ్గర పాతిక సరుకులే ఉన్నాయి. మాకూ కావాలా?

అక్కర్లేదు. ఊరగాయలు పన్నెండు రకాలు, అప్పడాలు ఆరు రకాలు, వడియాలు అయిదు రకాలు ఉన్నవాళ్లకు అన్నీ ఒకే పేజీలో పరిచేస్తే సరిపోతుంది. వర్గంలో మళ్లీ చిన్న వర్గం పుట్టిన రోజున జాడ పట్టీ అవసరమవుతుంది. ఉన్న కాసిని సరుకులకు మూడు మెట్లు కట్టించి డబ్బు తీసుకునేవాళ్లు దొరికితే వద్దని చెప్పండి.

మేం అమెజాన్‌లో, ఫ్లిప్‌కార్ట్‌లో అమ్ముతాం. అక్కడ మా జాడ పట్టీ మేం పెట్టుకోవచ్చా?

పెట్టుకోలేరు. అక్కడ వర్గాల చెట్టు వాళ్లది. సరుకు ఎక్కించేటప్పుడు మీరు ఎంచుకున్న వర్గాన్ని బట్టే పైన వరుస వస్తుంది. అందుకే ఎక్కించేటప్పుడు తొందరపడి దగ్గరున్న వర్గం నొక్కేయకుండా, మీ సరుకుకు సరిగ్గా సరిపడే చిన్న వర్గం దొరికేదాకా లోపలికి వెళ్లండి.

ఇందులో మూడు రకాలున్నాయట. ఏది పెట్టించుకోవాలి?

ఉన్నాయి. మొదటిది స్థానం చెప్పేది: హోమ్ › చీరలు › బరంపురం పట్టు. రెండోది గుణాలు చెప్పేది: చీరలు, ఎరుపు, అయిదు వేల లోపు, ఇలా ఎంచుకున్నవన్నీ వరుసగా. మూడోది కొనేవాళ్లు ఏయే పేజీలు తిరిగి వచ్చారో ఆ తిరుగుడంతా చూపించేది.

కొట్టుకి కావలసింది మొదటిది. ఎవరు ఏ దారిన వచ్చినా ఒకేలా కనిపిస్తుంది కాబట్టి రెండోసారి వచ్చినవాళ్లకు కొట్టు అమరిక అలవాటవుతుంది. సైట్లు వాడడానికి ఎంత సులువుగా ఉన్నాయో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2007లోనే జాడ పట్టీ సైటు అమరికను చూపాలి తప్ప తిరిగిన చరిత్రను కాదని రాశారు. ఇన్నేళ్లయినా అందులో మార్చాల్సింది నాకు కనబడలేదు. వెతికి వచ్చినవాళ్లకు మాత్రం పట్టీ పక్కన విడిగా "వెతికిన జాబితాకు వెనక్కి" అని ఒక లింకు ఇస్తే మంచిది.

## వర్గాలు వేసుకునేటప్పుడు

ఎన్ని మెట్లు ఉండాలి?

మా వైపు కొట్లకు హోమ్ కాక రెండు వర్గాలు, చివర సరుకు. ఇంతకు మించి అవసరం రావడం అరుదు. "చీరలు › పట్టు › ఒడిశా పట్టు › గంజాం జిల్లా › బొంకాయి" అని అయిదు మెట్లు కట్టి, చివరి అరలో మూడు చీరలు పెడితే ఎక్కినవాళ్లకు కాళ్లనొప్పే మిగులుతుంది. ఒక వర్గం తెరిస్తే ఎంచుకోవడానికి తగినన్ని సరుకులు కనబడాలి, లేకపోతే దాన్ని పై వర్గంలో కలిపేయండి.

ఒకే సరుకు మూడు వర్గాల్లో వేశాం. పైన ఏది చూపించాలి?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. ఉదాహరణకు బరంపురం పట్టు జోడా తీసుకోండి. పెళ్లిలో మగవాళ్లు కట్టే జత అది. "మగవారి బట్టలు"లో ఉండాలి, "పెళ్లి బట్టలు"లో ఉండాలి, "బరంపురం పట్టు"లోనూ ఉండాలి. మూడింట్లో ఉంచండి, తప్పు లేదు. జాడ పట్టీలో మాత్రం ఒక్కటే రావాలి, ఎప్పుడూ అదే రావాలి.

ఆ ఒక్కటీ ఎలా ఎంచాలంటే, సరుకు ఏమిటో చెప్పే వర్గాన్ని తీసుకోండి, సందర్భం చెప్పే వర్గాన్ని వదిలేయండి. జోడా పెళ్లికి కొన్నా, గృహప్రవేశానికి కొన్నా బరంపురం పట్టే. ఇంకో పరీక్ష కూడా ఉంది: కొనేవాళ్లకు ఈ జోడా నచ్చకపోతే తర్వాత ఏం చూడాలనుకుంటారు? ఇంకో జోడా. అయితే ఇంకా జోడాలు దొరికే అరే దాని ప్రధాన వర్గం.

ఊకామర్స్ అంటే వర్డ్‌ప్రెస్ సైటును కొట్టుగా మార్చే ప్లగిన్, అంటే సైటుకు తగిలించే అదనపు పనిముట్టు. అందులో సరుకు చాలా వర్గాల్లో ఉంటే అది తన లెక్క ప్రకారం ఒకదాన్ని తీసుకుని చూపిస్తుంది, మీరనుకున్నదే వస్తుందని నమ్మకం లేదు. యోస్ట్, రాంక్ మ్యాత్ లాంటి ప్లగిన్లలో ప్రధాన వర్గం ఇదీ అని గుర్తు పెట్టే వీలుంది, ఆ ప్లగిన్ చూపే పట్టీలో అదే వస్తుంది. సరుకు ఎక్కించే మనిషికి ఈ ఒక్క గడి నింపడం మొదటి రోజే నేర్పండి.

దసరాకీ, ఠాకురాణి యాత్రకీ ప్రత్యేక వర్గం పెడతాం. అది జాడలో రావొచ్చా?

వర్గం పెట్టండి, జాడలోకి రానివ్వకండి. బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చిన ఆ రోజుల్లో ఊరంతా కొత్త బట్టలే, ఆ పేరుతో ఒక పేజీ ఉండడం న్యాయమే. యాత్ర అయ్యాక? ఆ పేజీ ఖాళీ. పేజీ తీసేస్తే జాడలో ఆ పేరున్న ప్రతి సరుకు మీదా ఒక చచ్చిన లింకు మిగులుతుంది.

పండగ పేజీని ముందు పేజీలో బ్యానర్ నుంచి ఇవ్వండి. చీర పైన మాత్రం "బరంపురం పట్టు" అనే ఉండనివ్వండి.

వర్గాల పేర్లు తెలుగులోనా, ఒడియాలోనా, ఇంగ్లిషులోనా?

ఏ భాష పేజీకి ఆ భాష. తెలుగు పేజీలో జాడ అంతా తెలుగు లిపిలో, ఒడియా పేజీలో అంతా ఒడియా లిపిలో. సగం అనువదించి వదిలేస్తే "హోమ్ › శారీస్ › బరంపురం పట్టు" అని కలగాపులగమవుతుంది, పైగా మధ్య మెట్టు నొక్కితే ఇంగ్లిషు పేజీ తెరుచుకుంటుంది. ప్రతి మెట్టూ అదే భాషలోని పేజీకే వెళ్లాలి.

ఇంకో ప్రమాదం మన రెండు భాషల మధ్యే ఉంది. ఒడియాలో పట్టును పాట అంటారు. వడియాలను బడి అంటారు. ఒక కొట్టుకి ఒడియా జాబితాను యంత్రం చేత తెలుగు లిపిలోకి మార్పించారు. తెలుగు పేజీలో జాడ "హోమ్ › పాట" అని, ఇంకోచోట "తినుబండారాలు › బడి" అని వచ్చింది. రెండు భాషలూ తెలిసిన బరంపురం మనిషికి అర్థమైపోతుంది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి చూసేవాళ్లకు ఒకటి గొంతెత్తి పాడేది, ఇంకోటి పిల్లలు చదువుకునేది. లిపి మార్చడం అనువాదం కాదు. మెట్ల పేర్లు పది పదిహేనుకు మించవు కాబట్టి వాటిని చేత్తో రాసుకోండి.

పేజీ భాష ఏదో కోడ్‌లో చెప్పించడం కూడా అవసరం. లేకపోతే చదివి వినిపించే యాప్‌లు తెలుగును ఇంగ్లిషు గొంతుతో చదవబోయి తడబడతాయి.

నేతగాళ్లు, మేం వాడే పేర్లే పెట్టొచ్చా?

సరుకు పేరులో పెట్టండి, వివరంలో పెట్టండి. మెట్టు పేరుగా మాత్రం కొనేవాళ్ల నోట వచ్చే మాటే ఉండాలి. ఫోడా కుంభ అంటే బరంపురం పట్టు అంచులో వచ్చే గుడి గోపురాల లాంటి నేత. మగ్గం దగ్గరా కొట్టు గల్లా దగ్గరా అందరికీ తెలిసిన మాట. హైదరాబాద్ నుంచి చూసే అమ్మాయి దాన్ని టెంపుల్ బోర్డర్ అంటుంది. "టెంపుల్ బోర్డర్ పట్టు" అనే మెట్టు పెట్టి, లోపలికి వచ్చాక ఫోడా కుంభ గురించి నాలుగు వాక్యాలు రాస్తే ఆ అమ్మాయికి కొత్త మాట కూడా తెలుస్తుంది. ఆ నేతకు దక్కవలసిన మర్యాద కూడా అదే.

కొరాపుట్ వైపు కోట్‌పాడ్ చీరలకు ఈ ఇబ్బంది లేదు, ఆ ఊరి పేరే అందరూ అంటున్నారు. గంజాం మొగలి అత్తరు అమ్మేవాళ్లు తెలుగు పేజీలో "కేవడా" అనే పెట్టేస్తున్నారు. మొగలి అన్న మాట మనకుంది, అదే పెట్టండి.

రంగు, ధర, సైజు కూడా జాడలో రావాలా?

వద్దు. అవి వడపోతలు. కొనేవాళ్లు ఎరుపు ఎంచుకుంటే జాబితా పైన "ఎరుపు" అని చిన్న బిళ్లగా, పక్కన తీసేసే గుర్తుతో చూపండి. జాడలోకి తెస్తే ఒకే చీరకు పది జాడలు పుడతాయి.

## పేజీలో పెట్టేటప్పుడు

ఎక్కడ పెట్టాలి?

మెనూ కింద, సరుకు పేరు పైన, ఎడమ అంచున. అన్ని పేజీల్లోనూ అదే చోట. డబ్బు కట్టే పేజీలో మాత్రం వద్దు, అక్కడ పక్కదారులు ఉండకూడదు.

చివర ఉన్న సరుకు పేరు కూడా నొక్కేలా ఉండాలా?

ఉండకూడదు. ఉన్న పేజీకే మళ్లీ వెళ్లే లింకు నొక్కితే పేజీ మళ్లీ తెరుచుకుంటుంది, ఇక్కడ నెట్ నెమ్మదిగా ఉన్న చోట అదొక శిక్ష. చివరి పేరు మామూలు అక్షరాల్లో, లింకులకు వేరే రంగులో ఉండాలి. ఫోన్లో చోటు లేకపోతే చివరి పేరు అసలు చూపకపోయినా ఫరవాలేదు, కిందే పెద్ద అక్షరాల్లో ఉంటుంది కదా.

పేర్ల మధ్య ఏ గుర్తు పెట్టాలి?

కుడివైపు చూపే బాణం గుర్తు అందరికీ అలవాటు. అడ్డగీత / కూడా పనికొస్తుంది. ఒక్క నిలువు గీత మాత్రం వద్దు. ఒడియాలో వాక్యం ముగిసిందని చెప్పే పూర్ణచ్ఛేదం నిలువు గీతే. ఒడియా పేజీలో "చీరలు | పట్టు" అని నిలువు గీతతో పెడితే చదివేవాళ్లకు "చీరలు" దగ్గర వాక్యం అయిపోయినట్టుంటుంది. ఇంగ్లిషు సైట్ల కోసం చేసిన థీముల్లో, అంటే సైటుకు రూపమిచ్చే తయారు నమూనాల్లో, ఈ గీత తరచుగా కనిపిస్తుంది, ఒకసారి చూసుకోండి.

తెలుగులో పెడితే అక్షరాలు కింద తెగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఇది చూడడానికి చిన్న తప్పు, నాకు మాత్రం అన్నిటికన్నా బాధ కలిగించే తప్పు. థీములు ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు కొలిచి వరుస ఎత్తు పెడతాయి. ఇంగ్లిషులో కిందికి దిగే అక్షరాలు కొద్ది. మనకు ఒత్తులన్నీ కిందే, గుడులన్నీ పైనే. వరుస ఎత్తు బిగువుగా పెట్టి, మించినది కనబడకుండా కోసేయమని థీములో రాసి ఉంటే, ముందు పోయేది ఒత్తే.

ఒక కొట్టు సైటులో "పట్టు" మీద టకారానికి ఒత్తు కోసుకుపోయి "పటు" అని నెలల తరబడి ఉండిపోయింది. కంప్యూటర్లో బాగానే ఉంది, ఫోన్లోనే పోయింది. కొట్టాయన రోజూ తన సైటు తనే చూసుకుంటున్నారు. ఆయన కన్ను అలవాటు కొద్దీ "పట్టు" అనే చదివేసుకుంది. వాళ్ల మనవరాలు స్కూల్లో తెలుగు నేర్చుకుంటూ కూడబలుక్కుని చదివితే బయటపడింది.

మందు సులువే: జాడ పట్టీ వరుస ఎత్తును అక్షరం కొలతకు 1.6 రెట్లు చేయించండి, అక్షరం 14 పిక్సెళ్లకు తగ్గనివ్వకండి. తర్వాత "పట్టు", "కొమ్ము", "వస్త్రాలు", "శ్రీ" ఈ నాలుగు మాటలు అందులో రాసి చిన్న ఫోన్లో చూడండి. నాలుగూ నిండుగా కనబడితే సరే. ఒడియా లిపికీ కింద ఒత్తులున్నాయి, ఆ పేజీలోనూ ఇదే పరీక్ష చేయండి.

ఫోన్లో జాడ మూడు వరుసలై చీర ఫోటో కిందికి పోతోంది.

ఫోన్లో అంతా చూపాలని పట్టుపట్టకండి. సరిగ్గా పైనున్న ఒక్క మెట్టు చాలు: ఎడమవైపు బాణం, పక్కన "బరంపురం పట్టు". కొనేవాళ్లు చాలావరకు నొక్కేది అదే. ఒకే వరుసలో ఉంచి వేలితో పక్కకు జరిపేలా కూడా చేయొచ్చు. అప్పుడు మొదట కనబడే భాగం హోమ్ వైపు కాకుండా చివరి వైపు ఉండేలా చూడండి.

మా పెద్దమ్మ చేతికి ఫోను ఇచ్చి ఒకసారి చూశాను. ఆవిడ బొటనవేలు పెడితే "చీరలు", "పట్టు" రెండూ వేలి కిందకే వచ్చాయి. మూడుసార్లు నొక్కితే రెండుసార్లు తప్పు పేజీ తెరుచుకుంది, నాలుగోసారి నొక్కలేదు. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు 2023 అక్టోబరులో వచ్చాయి, అవి నొక్కే చోటుకు కనీసం 24 × 24 పిక్సెళ్లు ఉండాలంటాయి. నేను ఎత్తు 40 పిక్సెళ్లు ఉంచుతున్నాను, పెద్దమ్మ వేలికి అది సరిపోయింది.

చూపు లేనివారు వాడేలా ఉండాలంటే ఏం చేయించాలి?

సైటు కట్టేవాళ్లకు ఈ నాలుగు మాటలు చెప్పండి. పట్టీని నావ్ ట్యాగ్‌లో పెట్టి, ఏరియా-లేబుల్ కింద "మీరు ఉన్న చోటు" అని పేరివ్వాలి. పేర్లన్నీ వరుస సంఖ్యల జాబితా ట్యాగ్‌లో ఉండాలి. చివరి పేరుకు ఏరియా-కరెంట్ అన్న చోట పేజ్ అని రాయాలి. మధ్య గుర్తుల్ని అక్షరాలుగా టైపు చేయకుండా సీఎస్‌ఎస్‌తో గీయించి, చదివే యాప్‌కు వినబడకుండా చేయాలి. లేకపోతే కొన్ని యాప్‌లు ప్రతి పేరు మధ్యలో ఆ గుర్తు పేరు కూడా చదువుతాయి, వినేవాళ్లకు విసుగు. ఆండ్రాయిడ్ ఫోన్లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ పేజీ మీరే ఒకసారి వినండి.

ఊకామర్స్‌లో, షాపిఫైలో ఇది దానంతటదే వస్తుందా?

ఊకామర్స్‌లో వస్తుంది, థీము తీసేయకపోతే.

షాపిఫై అంటే నెలనెలా డబ్బు కట్టి వాడే ఆన్‌లైన్ కొట్టు సేవ, అందులో థీమును బట్టి ఉంటుంది. ఉన్నా ఒక మెలిక ఉంది. కొన్ని థీముల్లో కొనేవాళ్లు వర్గం పేజీ నుంచి చీర మీదికి వస్తే లింకులోనే ఆ వర్గం పేరు ఉంటుంది, జాడ సరిగ్గా కనిపిస్తుంది. అదే చీరను వాట్సాప్‌లో పెట్టిన నేరు లింకుతో తెరిస్తే వర్గం ఏదో థీముకు తెలియదు, "హోమ్ › చీర పేరు" అని మాత్రమే వస్తుంది. అంటే జాడ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే కనబడదు. మీరు కొట్టు లోపలి నుంచి చూసి బాగుందనుకుంటారు. ప్రతి సరుకుకూ ప్రధాన వర్గం ఒక మెటాఫీల్డ్‌లో (అదనపు వివరం రాసుకునే గడి) రాయించి, జాడ అక్కడి నుంచి తీసుకునేలా చేయించండి. తర్వాత లింకును మీకు మీరే వాట్సాప్‌లో పంపుకుని తెరిచి చూడండి.

## గూగుల్ విషయాలు

ఇది పెడితే గూగుల్‌లో పైకి వస్తామా?

పట్టీ పెట్టినంత మాత్రాన రారు. అలా హామీ ఇచ్చేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. ప్రతి సరుకు పేజీ నుంచీ దాని వర్గం పేజీకి ఒక లింకు ఏర్పడుతుంది కాబట్టి, కొట్టులో ఏది పెద్ద అర, ఏది చిన్న అర అన్నది గూగుల్‌కు తేలిగ్గా అర్థమవుతుంది. దాని వల్ల వచ్చే మేలు మెల్లగా వస్తుంది. మీరు పెట్టించుకోవలసింది కొనేవాళ్ల కోసం.

గూగుల్‌కు అర్థమయ్యే కోడ్ కూడా పెట్టాలన్నారు. అదేమిటి?

కంటికి కనిపించే పట్టీని యంత్రానికి అర్థమయ్యే భాషలో మళ్లీ రాయడం. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో స్కీమా డాట్ ఆర్గ్ అని ఒక ఉమ్మడి పదకోశం పెట్టాయి. అందులో బ్రెడ్‌క్రంబ్‌లిస్ట్ అని ఒక రకం ఉంది. దాన్ని జేసన్-ఎల్‌డీ పద్ధతిలో రాస్తారు. ఒక్కో మెట్టుకు మూడే సంగతులు: ఎన్నో స్థానం, పేరేమిటి, లింకేమిటి. స్థానాలు 1 నుంచి మొదలవుతాయి. చివరి మెట్టుకు లింకు రాయకపోయినా గూగుల్ ఒప్పుకుంటుంది. కనీసం రెండు మెట్లు ఉండాలి.

పేజీలో ఒకటి చూపించి కోడ్‌లో ఇంకొకటి రాయకండి. ఊకామర్స్ ఈ కోడ్ తనే రాస్తుంది. మీరు గూగుల్‌లో కనబడడానికి తోడ్పడే ఎస్‌ఈఓ ప్లగిన్ (యోస్ట్, రాంక్ మ్యాత్ లాంటిది) కూడా పెట్టి ఉంటే రెండూ రాసి, రెండూ వేర్వేరు జాడలు చెప్పే ప్రమాదం ఉంది. గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో మీ సరుకు లింకు వేసి చూడండి, రెండు జాబితాలు కనబడితే ఒకటి ఆపించండి.

ఇదివరకు గూగుల్‌లో మా పేరు పక్కన జాడ కనిపించేది. ఇప్పుడు ఫోన్లో లేదు. మా సైటు చెడిందా?

చెడలేదు. 2025 జనవరిలో గూగుల్ ఫోన్ ఫలితాల్లో జాడ చూపడం ఆపేసింది. చిన్న తెరల మీద అది ఎలాగూ తెగిపోతోందని చెప్పి, ఫోన్లో అడ్రసు వరుసలో సైటు డొమైన్ పేరు ఒక్కటే చూపిస్తోంది. కంప్యూటర్లో వెతికినవాళ్లకు జాడ ఎప్పటిలాగే వస్తుంది. కోడ్ తీయించకండి. మీ పేజీలో ఉన్న పట్టీకి దీనితో సంబంధమే లేదు.

లింకు అడ్రసులో కూడా ఇదే వరుస ఉండాలా? తెలుగులో పెట్టొచ్చా?

ఉండాల్సిన పని లేదు. అడ్రసు చిన్నగా, ఎప్పటికీ మారకుండా ఉండాలి. జాడ మారొచ్చు. గూగుల్ కూడా జాడ అడ్రసును అనుసరించడం కన్నా మనుషులు నడిచే దారిని చూపడం మేలంటుంది.

తెలుగు అడ్రసు పని చేస్తుంది, కానీ కాపీ చేసి పంపినప్పుడు బాధ పెడుతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. శాతం గుర్తులతో రాస్తే ఒక్కోదానికి తొమ్మిది అక్షరాలు. "చీరలు" అన్న మాటలో చ, గుడి దీర్ఘం, ర, ల, కొమ్ము కలిసి అయిదు గుర్తులు, అంటే 45 అక్షరాలు. మూడు మెట్లు తెలుగులో రాస్తే వాట్సాప్‌లో అరపేజీ గజిబిజి కనిపిస్తుంది, చూసినవాళ్లు మోసం లింకనుకుంటారు. అందుకే అడ్రసు ఇంగ్లిషు అక్షరాల్లో చిన్నగా ఉంచి, జాడను నిండు తెలుగులో పెడుతున్నాను.

## కొట్టు నడుస్తుండగా

సరుకుల పైన "అన్‌కేటగరైజ్డ్" అని వస్తోంది.

వర్గం ఎంచుకోకుండా ఎక్కించిన సరుకును ఊకామర్స్ ఆ పేరున్న డబ్బాలో వేస్తుంది. సరుకుల జాబితాలో ఆ వర్గంతో వడపోసి, అన్నిటికీ ఒకేసారి సరైన వర్గం ఇవ్వండి. తర్వాత ఆ డబ్బా పేరు "ఇతర సరుకులు" అని మార్చండి, మళ్లీ ఎప్పుడైనా మరిచినా పరువు పోదు.

వర్గం పేరు మార్చాం. పాత లింకులు తెరుచుకోవడం లేదు.

పేరు మారిస్తే ఇబ్బంది లేదు, అడ్రసు కూడా మార్చి ఉంటారు. వర్డ్‌ప్రెస్‌లో వర్గానికి పేరు వేరు, స్లగ్ వేరు. జాడలో కనిపించేది పేరు. లింకులో ఉండేది స్లగ్.

ఈ తప్పు నా చేతుల మీదుగానే జరిగింది. ఒక చీరల కొట్టులో "ఒడిశా చీరలు"ను విడగొట్టి "బరంపురం పట్టు", "సంబల్‌పురి", "బొంకాయి" చేశాం. స్లగ్‌లు కూడా చక్కగా మార్చాను. ఆ వారం పెళ్లిళ్ల ముందు వారం. కొట్టువారు రెండేళ్లుగా వాట్సాప్‌లో పంపిన వర్గం లింకులన్నీ పేజీ లేదని చూపించాయి. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. సరిచేసేదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పాత అడ్రసు నుంచి కొత్త అడ్రసుకు 301 మళ్లింపు పెట్టించండి. ఇది శాశ్వతంగా మారిందని చెప్పే సంకేతం. పాత వర్గం మూడుగా విడిపోతే, ఎక్కువ సరుకులు వెళ్లిన దానికి మళ్లించండి. ముందుముందు పేరు మార్చినా స్లగ్ ముట్టుకోకండి.

గణాంకాల్లో చూస్తే జాడను నొక్కేవాళ్లు చాలా తక్కువ. తీసేద్దామా?

ఉంచండి. చదివి "ఓహో, ఇది బరంపురం పట్టా" అని తెలుసుకుని, నొక్కకుండా కొనేవాళ్లకు కూడా అది పని చేసినట్టే, ఆ లెక్క గణాంకాల్లో రాదు. లెక్క చూడాలనుకుంటే ఇలా చూడండి: నేరుగా సరుకు పేజీలోకి దిగినవాళ్లను విడదీసి, వాళ్లలో ఎంతమంది రెండో పేజీ తెరిచారో, ఆ రెండో పేజీ వర్గం పేజీయేనా అని. పట్టీ పెట్టక ముందు నెలను, పెట్టిన తర్వాత నెలతో పోల్చండి. పండగ నెలను మామూలు నెలతో పోల్చకండి.

ఒక్కటే ముక్క ఉన్న చీర అమ్ముడుపోయింది. ఆ పేజీ తీసేయాలా?

చేనేతలో ఇది రోజూ వచ్చే సంగతి, ఒక మగ్గం మీద దిగిన చీర మళ్లీ అచ్చం అలాగే దిగదు. పేజీ తీయకండి. ఆ లింకు ఎవరి గ్రూపుల్లో తిరుగుతోందో మీకు తెలియదు. ధర ఉన్న చోట "అమ్ముడైంది" అని పెట్టి, ఫోటో అలాగే ఉంచి, జాడ పట్టీని తాకకుండా వదిలేయండి. దాని కిందే ఇంకో వరుస చేర్చండి: "ఇదే నేతలో ఇప్పుడు ఉన్న చీరలు". రాయగడలో ఎవరో ఆ లింకు ఆర్నెల్ల తర్వాత తెరుస్తారు. చీర లేదు, కానీ పైన "బరంపురం పట్టు" అని ఉంటుంది, నొక్కితే ఈ వారం మగ్గం దిగినవి కనిపిస్తాయి.